గనికార్మికుడు కట్టిన ఆస్పత్రి
అన్యూరిన్ బెవాన్ జీవితం మనకు చెప్పేదేమిటి?

సర్కారు ఆస్పత్రికి పోతే డాక్టరుండడు. డాక్టరుంటే మందుండదు. మందుంటే సూది వేసే నర్సమ్మను ఇంకో ఊరికి డెప్యుటేషను మీద పంపివుంటారు. ఏ గ్రామంలో కూలీల సమావేశం పెట్టినా, కూలిరేట్ల సంగతి, ఉపాధిపనుల బకాయిల సంగతి అయిపోగానే జనం ఎత్తే గోడు ఇదే. ఆ కోపంలోనుండే ఇంకో మాట కూడా వస్తున్నది. ఈ దిక్కుమాలిన ఆస్పత్రిని ఏ ప్రైవేటువాళ్లకో ఇచ్చేస్తేనన్నా బాగుపడుతుందేమోనని మన కూలీలే అంటున్నారు. బస్సు గురించీ అదే మాట, బడి గురించీ అదే మాట. ఆ కోపం న్యాయమైనదే. కాని ఆ కోపాన్ని ఎవరు ఎటు మళ్లిస్తున్నారన్నది మనం జాగ్రత్తగా చూడాలి.

ఈ సంగతి అర్థం కావడానికి ఒక మనిషి జీవితం బాగా పనికొస్తుందని మేము అనుకుంటున్నాం. ఆయన మన దేశంవాడు కాదు, మనల్ని ఏలిన బ్రిటన్ దేశంవాడు. ఐతే ఏలినవాళ్ల జాతకం కాదు ఆయనది. పదమూడో ఏట బొగ్గుగనిలో దిగిన కూలివాడు. ఆ కూలివాడే తరువాత మంత్రి అయి, ఆ దేశంలో గొప్పా బీదా తేడా లేకుండా అందరికీ డబ్బు తీసుకోకుండా వైద్యం అందే ఏర్పాటు చేశాడు. ఆయన పేరు అన్యూరిన్ బెవాన్. ఆయన ఊరివాళ్లు ముద్దుగా నై అని పిలిచేవాళ్లు.

బొగ్గుధూళిలో బాల్యం

బెవాన్ 1897 నవంబరు 15న వేల్స్ ప్రాంతంలోని ట్రెడీగర్ అనే చిన్న పట్నంలో పుట్టాడు. ఇంగ్లండుకు పడమటి పక్కన కొండలు, లోయలతో నిండిన ప్రాంతం వేల్స్. ఆ లోయల్లో బొగ్గు, ఇనుము దొరికాయి గనుక గనులు, కొలుములు వెలిశాయి. చుట్టుపక్కల పల్లెల జనం పొట్ట చేతపట్టుకొని అక్కడికి వచ్చి చేరారు. మన పల్లెల్లో ఒకప్పుడు దొర గడీ పెత్తనం ఎట్లా సాగిందో, ఆ ఊరి మీద గనుల కంపెనీ పెత్తనం అట్లా సాగింది.

తండ్రి డేవిడ్ గనికార్మికుడు. తల్లి ఫీబీ బట్టలు కుట్టేది. వాళ్లకు పదిమంది పిల్లలు పుడితే అందరూ బతకలేదు, కొందరు పసితనంలోనే పోయారు. బతికినవాళ్లలో ఒకడు ఈయన. చిన్నతనంలో బాగా నత్తి. బడిలో హెడ్మాస్టరుకు ఈ పిల్లవాడంటే పడేది కాదు. చదువు మీద ఇష్టం ఉన్నా, ఆ బడి మీద మాత్రం అసహ్యం పుట్టింది. పదమూడో ఏట బడి మానేసి గనిలో దిగాడు.

అసలు చదువు అప్పుడే మొదలైంది. ట్రెడీగర్ కార్మికులు తమ చందాలతో ఒక గ్రంథాలయం పెట్టుకున్నారు. పగలు గనిలో పనిచేసి, రాత్రిళ్లు అక్కడి పుస్తకాలు చదివాడు బెవాన్. నత్తి వల్ల కొన్ని మాటలు నోటికి తిరిగేవి కావు. అందుకని ఒక్కో మాటకు బదులు ఇంకో మాట వెతుక్కొని పెట్టుకునేవాడు. అట్లా మాటల కోసం వెతికి వెతికి, చివరకు బ్రిటిష్ పార్లమెంటులో చర్చిల్‌ను ఎదిరించి నిలిచిన ఉపన్యాసకుడయ్యాడు. మన కార్యకర్తల్లో చదువు లేదని, సభలో మాట్లాడలేమని వెనక్కి తగ్గేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకున్నా చాలు.

పందొమ్మిదేళ్లకే ఆయన గనిలోని యూనియను శాఖకు అధ్యక్షుడయ్యాడు. 1919లో యూనియను ఖర్చు మీద లండన్‌లోని కార్మిక కళాశాలకు పోయి రెండేళ్లు చదివాడు. తిరిగి వచ్చేసరికి కంపెనీ పని ఇవ్వలేదు. గొడవలు పెట్టే మనిషికి పనెందుకిస్తారు? రోడ్డు పనీ, మట్టి పనీ ఏది దొరికితే అది చేస్తూ, లేనప్పుడు ఖాళీగా ఉంటూ గడిపాడు.

1925లో తండ్రి చనిపోయాడు. ఏళ్ల తరబడి పీల్చిన బొగ్గుధూళి ఊపిరితిత్తులను తినేసింది. ఐతే ఆ జబ్బు అప్పటికి పరిహారం చట్టం జాబితాలో లేదు. గనిలో తెచ్చుకున్న జబ్బుకు గని యజమాని నుండి ఒక్క పెన్నీ రాలేదు. మన దగ్గర క్వారీల్లో రాతిదుమ్ము పీల్చి దగ్గుతూ దగ్గుతూ పోయినవాళ్ల కుటుంబాలకు ఈ బాధ వేరే చెప్పనక్కరలేదు.

వందకు రూపాయి పావలా

ఆ ఊళ్లో కార్మికులు చేసుకున్న ఇంకో ఏర్పాటు ఉంది. ఈ కథకు ప్రాణం అదే. 1890లో వాళ్లు ట్రెడీగర్ వైద్య సహాయ సంఘాన్ని స్థాపించుకున్నారు. ప్రతి కార్మికుడూ తన జీతంలో పౌనుకు మూడు పెన్నీల చొప్పున ఇచ్చేవాడు. ఆనాడు పౌనుకు 240 పెన్నీలు. అంటే మన లెక్కలో వంద రూపాయలకు రూపాయి పావలా. ఆ డబ్బుతో సంఘం డాక్టర్లను, సర్జనును, మందులిచ్చేవాళ్లను, పళ్ల డాక్టరును, నర్సును జీతానికి పెట్టుకుంది. చందా కట్టినవాడికీ, పెళ్లానికీ, పిల్లలకూ, ముసలి తల్లిదండ్రులకూ అందరికీ వైద్యం. పోనుపోను ఊరు ఊరంతా అందులో చేరింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటి ఉంది. జబ్బు చేసినప్పుడు డబ్బు అడగరు. ఒంట్లో బాగున్నప్పుడు, చేతిలో కూలి ఉన్నప్పుడు అందరూ కొంచెం కొంచెం వేస్తారు. జబ్బు ఎవరికి చేస్తే వాళ్లకు ఆ డబ్బు ఖర్చవుతుంది. డాక్టరు మీద పెత్తనం కార్మికుల కమిటీది. బెవాన్ ఆ సంఘంలో, ఆస్పత్రి కమిటీలో పనిచేశాడు. లెక్కలు చూశాడు, జనం ఫిర్యాదులు విన్నాడు. ఆస్పత్రి నడపడం అంటే ఏమిటో ఆయన మంత్రిగా కాదు, చందాదారుడిగా నేర్చుకున్నాడు.

క్రోనిన్ అనే డాక్టరు 1920ల మొదట్లో ఆ సంఘంలోనే పనిచేసి, తరువాత ఆ అనుభవంతో సిటాడెల్ అనే నవల రాశాడు. దేవానంద్ 1971లో తేరే మేరే సప్నే అనే హిందీ సినిమా తీసింది ఆ నవల ఆధారంగానే. ఆ సినిమా చూసిన పెద్దలు మనలో ఇంకా ఉన్నారు.

1926 సమ్మె

1925లో ఆర్థికమంత్రిగా ఉన్న చర్చిల్ పౌనును బంగారంతో పాత రేటుకే ముడిపెట్టాడు. దాంతో విదేశాల్లో బ్రిటన్ బొగ్గు ధర పెరిగి, అమ్మకాలు పడిపోయాయి. ఆ నష్టాన్ని గని యజమానులు కార్మికుల నెత్తిన రుద్దారు. జీతం తగ్గిస్తాం, పనిగంటలు పెంచుతాం అన్నారు. ఒప్పుకోకపోతే 1926 మే 1 నుండి గనులు మూసేశారు. గనికార్మికులకు మద్దతుగా దేశంలో రైళ్లు, బస్సులు, రేవులు, ముద్రణాలయాలు ఆగిపోయాయి. మే 3 నుండి 12 దాకా సాగిన ఆ సార్వత్రిక సమ్మెను కేంద్ర నాయకత్వం తొమ్మిది రోజులకే విరమించింది. గనికార్మికులు మాత్రం ఒంటరిగా ఇంకో ఆరేడు నెలలు నిలబడ్డారు.

ట్రెడీగర్‌లో ఆ పోరాటానికి బెవాన్ ముందు నిలిచాడు. సభలు పెట్టడం ఒక ఎత్తు, జనానికి అన్నం పెట్టడం ఇంకో ఎత్తు. విరాళాలు పోగుచేసి గంజికేంద్రాలు నడిపారు. చివరకు ఆకలి గెలిచింది. తక్కువ జీతానికి, ఎక్కువ గంటలకు కార్మికులు గనుల్లోకి దిగారు. మరుసటి ఏడు ప్రభుత్వం సానుభూతి సమ్మెలను నిషేధిస్తూ చట్టం తెచ్చింది.

ఆ రోజుల్లో పేదలకు సహాయం చేయడానికి స్థానికంగా ఎన్నికైన బోర్డులుండేవి. ట్రెడీగర్ ప్రాంతపు బోర్డు సమ్మె కుటుంబాలకు కాస్త ధారాళంగా సహాయం చేసింది. ఆరోగ్యశాఖ మంత్రి నెవిల్ చాంబర్లేన్ 1927లో ఆ బోర్డును పక్కనపెట్టి తన అధికారులను కూర్చోబెట్టాడు. సహాయం తెగ్గోశారు. ఆరోగ్యశాఖ మంత్రి కుర్చీకి ఎంత బలముందో, అది ఎవరి చేతిలో ఉంటే ఎవరికి పనిచేస్తుందో బెవాన్ అప్పుడు కళ్లారా చూశాడు. పద్దెనిమిదేళ్ల తరువాత అదే కుర్చీలో ఆయన కూర్చున్నాడు. మనిషిని పురుగులా చూసే ఆ పాత పేదల చట్టాన్ని 1948లో తన చేతుల మీదుగానే రద్దు చేయించాడు.

పార్లమెంటుకు

1929లో ఎబ్బూ వేల్ నియోజకవర్గం నుండి లేబర్ పార్టీ తరఫున పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. చనిపోయేదాకా 31 ఏళ్లు ఆ గనికార్మికులే ఆయన్ని గెలిపిస్తూ వచ్చారు. 1931 తరువాత నిరుద్యోగుల ఇళ్లల్లో అధికారులు దూరి, ఇంట్లో ఎవరెంత సంపాదిస్తున్నారని ఆరాతీసి, భృతి కోసేసే పద్ధతి వచ్చింది. రేషన్ కార్డుల ఏరివేత చూసినవాళ్లకు అదెట్లా ఉంటుందో తెలుసు. దానిమీద ఆయన పార్లమెంటులో గట్టిగా పోరాడాడు. ఫాసిజానికి వ్యతిరేకంగా వామపక్షాలన్నీ కలవాలని అన్నందుకు 1939లో సొంత పార్టీ ఆయన్ని కొంతకాలం వెలివేసింది. భారతదేశానికి స్వాతంత్ర్యం ఇవ్వాలన్న బ్రిటిష్ నాయకుల్లో ఆయన ఒకడు.

1934లో ఆయన పెళ్లాడిన జెన్నీ లీ కూడా స్కాట్లండు గనికార్మికుని కూతురే, ఆమె కూడా పార్లమెంటు సభ్యురాలే. 1960ల్లో మంత్రిగా ఉండి, పనిచేసుకునేవాళ్లు ఇంటి దగ్గరే చదువుకునే ఓపెన్ యూనివర్సిటీని నిలబెట్టింది ఆమె. ఆ దారిలోనే 1982లో మన హైదరాబాదులో ఓపెన్ యూనివర్సిటీ వచ్చింది. కూలి చేసుకుంటూ డిగ్రీ పూర్తిచేసిన మన కార్యకర్తలు ఆమెకు కూడా కొంత రుణపడివున్నారు.

మంత్రి కుర్చీలో

యుద్ధం అయిపోగానే 1945లో ఎన్నికలు వచ్చాయి. యుద్ధం గెలిపించిన చర్చిల్‌ను కాదని జనం లేబర్ పార్టీని గెలిపించారు. నిరుద్యోగం, ఆకలి ఉన్న పాత రోజులు మళ్లీ వద్దని సైనికులూ, కార్మికులూ తీర్పు చెప్పారు. ప్రధాని అట్లీ 47 ఏళ్ల బెవాన్‌ను ఆరోగ్యశాఖ మంత్రిని చేశాడు.

అప్పటిదాకా అక్కడి వైద్యం ఎట్లా ఉండేది? 1911 చట్టం కింద పనిచేసే కార్మికుడికి ఒక బీమా ఉండేది. అది అతనికే, పెళ్లాం పిల్లలకు లేదు. ఆస్పత్రిలో చేరితే దానికి వేరే లెక్క. కొన్ని ఆస్పత్రులు దాతల చందాల మీద నడిచేవి, కొన్ని మునిసిపాలిటీల కింద ఉండేవి. డబ్బున్న ఊళ్లో డాక్టర్లు గుంపులుగా ఉండేవాళ్లు, పేదల ఊళ్లో ఒక్కడు దొరికితే గొప్ప. తల్లి తన జబ్బు దాచుకొని, పిల్లవాడి జబ్బుకు డాక్టరును పిలిచేది. ఈ చివరి మాట వేల్స్ గురించి రాస్తున్నామో, మన పల్లె గురించి రాస్తున్నామో మాకే తేడా తెలియడం లేదు.

బెవాన్ బీమాను పెంచి సరిపెట్టలేదు. ఆస్పత్రులన్నిటినీ ప్రభుత్వం కిందికి తేవాలన్నాడు. మంత్రివర్గంలోనే కొందరు వద్దన్నారు. ఆయన వినలేదు. ఖర్చు ముఖ్యంగా పన్నుల నుండి రావాలి, ఎక్కువ ఉన్నవాడు ఎక్కువ కట్టాలి, జబ్బు చేసినవాడి దగ్గర పైసా తీసుకోరాదు, దేశంలో ప్రతి మనిషికీ ఒకే రకం వైద్యం అందాలి. ట్రెడీగర్‌లో ఊరికి చేసినదాన్నే దేశానికంతటికీ చేశాడు. కన్సర్వేటివ్ పార్టీ వ్యతిరేకంగా ఓటు వేసినా 1946లో చట్టం పాసయింది. సానుభూతి సమ్మెలను నిషేధించిన 1927 చట్టం కూడా అదే 1946లో రద్దయింది. సమ్మెహక్కు, ఆస్పత్రి ఒకే ఏడు చేతికి వచ్చాయి.

అదే 1946లో మన దేశంలో భోర్ కమిటీ తన నివేదిక ఇచ్చింది. డబ్బు కట్టలేడన్న కారణంతో ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదని ఆ కమిటీ కూడా చెప్పింది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు పునాది అక్కడే పడింది. ఒకే ఏడు రెండు దేశాల్లో విత్తనం పడింది. వాళ్లు నీరు పెట్టారు. మనవాళ్లు కాగితం మీద ఉంచి, అరకొరగా పెట్టారు.

డాక్టర్ల సంఘంతో పోరు

చట్టం అయితే వచ్చింది గాని, డాక్టర్ల సంఘం అడ్డం తిరిగింది. తమను గవర్నమెంటు నౌకర్లను చేస్తారని గోల పెట్టింది. ఆ సంఘం మాజీ కార్యదర్శి ఒకాయన ఈ ఏర్పాటును హిట్లర్ పాలనతో పోల్చేదాకా పోయాడు. 1948 ఫిబ్రవరిలో ఓటు పెడితే పదిమంది డాక్టర్లలో దాదాపు తొమ్మిది మంది వద్దన్నారు.

బెవాన్ ఇక్కడ కొంత వెనక్కి తగ్గాడు. పెద్ద స్పెషలిస్టులకు ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే డబ్బు కట్టే రోగుల కోసం కొన్ని పడకలుంచుకోవడానికి, ప్రైవేటు ప్రాక్టీసు చేసుకోవడానికి ఒప్పుకున్నాడు. ఊరి డాక్టర్లు జీతగాళ్లు కానవసరం లేదని చట్టం సవరించి హామీ ఇచ్చాడు. ఈ రాజీ వల్లే డాక్టర్లు చీలిపోయి, ఒక్కొక్కరే దారికొచ్చారు. పని జరిగింది. ఐతే ప్రైవేటు వ్యాపారానికి ఒక కిటికీ తెరిచే ఉండిపోయింది. ఆ కిటికీలోనుండి తరువాత ఎవరు దూరారో ముందు చూస్తాం.

1948 జూలై 5

1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సర్వీసు మొదలైంది. ఇంగ్లండు, వేల్స్‌లలోని 2,688 ఆస్పత్రులు ఒక్కరోజున ప్రజల ఆస్తి అయ్యాయి. ఆ రోజున బెవాన్ మాంచెస్టర్ దగ్గరి ఒక ఆస్పత్రికి పోయి లాంఛనంగా దాన్ని స్వీకరించాడు.

తరువాత జరిగింది చూసి ఆయన వ్యతిరేకులే కాదు, ఆయన మనుషులే ఆశ్చర్యపోయారు. జనం వెల్లువలా వచ్చారు. ఏళ్ల తరబడి గర్భసంచి జారి బాధపడుతూ ఎవరికీ చెప్పుకోలేని ఆడవాళ్లు వచ్చారు. బజారులో దొరికే చవక అద్దాలతో సరిపెట్టుకున్న ముసలివాళ్లు కళ్లజోళ్ల కోసం వచ్చారు. మొదటి ఏడాదిలోనే 50 లక్షలకు పైగా కళ్లజోళ్లు ఇచ్చారు, 80 లక్షలకు పైగా మనుషులు పళ్లకు వైద్యం చేయించుకున్నారు. వేసిన అంచనాలన్నీ తలకిందులయ్యాయి.

దీన్ని చూసి పత్రికలు, ఖజానా అధికారులు దుబారా దుబారా అని కేకలు పెట్టారు. జనం ఉచితమని ఎగబడుతున్నారన్నారు. కాని అది దుబారా కాదు, అన్నాళ్లూ డబ్బు లేక దాచుకున్న జబ్బు. 1953లో కన్సర్వేటివ్ ప్రభుత్వమే ఖర్చు తేల్చమని ఒక కమిటీ వేసింది. అది మూడేళ్లు లెక్కలు చూసి, 1956లో దుబారా ఏమీ లేదని, దేశ ఆదాయంలో ఆరోగ్య సర్వీసు వాటా పెరగలేదు సరికదా తగ్గిందని తేల్చింది. కాని అప్పటికే కేకలు తమ పని చేసేశాయి.

కళ్లజోడు మీద చార్జీ

1950లో కొరియా యుద్ధం వచ్చింది. అమెరికాతో కలిసి ఆయుధాల మీద మూడేళ్లలో 470 కోట్ల పౌన్లు ఖర్చుపెట్టాలని లేబర్ ప్రభుత్వమే నిర్ణయించింది. డబ్బెక్కడ? 1951 ఏప్రిల్ బడ్జెటులో ఆర్థికమంత్రి గైట్‌స్కెల్ కళ్లజోళ్ల మీద, కట్టుడు పళ్ల మీద సగం ధర వసూలు చేయాలన్నాడు. దానివల్ల ఆ ఏడాది మిగిలేది కోటి 30 లక్షల పౌన్లే. ఆయుధాల పద్దు ముందు అది ఏనుగు మీద దోమ.

అప్పటికి కార్మికశాఖ మంత్రిగా ఉన్న బెవాన్ రాజీనామా చేశాడు. ఇంత చిన్న మొత్తానికి మంత్రి పదవి వదులుకుంటారా అని నవ్వినవాళ్లున్నారు. ఆయన చూసింది మొత్తాన్ని కాదు, దారిని. ఒకసారి చార్జీ పెట్టడం మొదలైతే అది కళ్లజోడు దగ్గర ఆగదని ఆయనకు తెలుసు. ఆగలేదు కూడా. తరువాత అధికారంలోకి వచ్చిన కన్సర్వేటివ్ ప్రభుత్వం మరుసటి ఏడు మందుల చీటీకి ఒక షిల్లింగు పెట్టింది.

నిజం మొత్తం చెప్పుకోవాలి గనుక ఇది కూడా చెప్పాలి. మందుల చీటీకి చార్జీ వేసే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చిన చట్టం 1949లో, బెవాన్ ఆరోగ్యమంత్రిగా ఉన్నప్పుడే వచ్చింది. దాన్ని అమలు కానివ్వకుండా ఆయన ఆపగలిగాడు గాని, కాగితం మీదికి రాకుండా ఆపలేకపోయాడు. ఆయన ఉన్న ప్రభుత్వమే రేవు కార్మికుల సమ్మెల మీదికి సైన్యాన్ని కూడా పంపింది. సమ్మెలో పెరిగిన మనిషి ఆ మంత్రివర్గంలో కొనసాగాడు. 1957లో అణ్వాయుధాల విషయంలో ఆయన మాట మార్చి తన అనుచరులనే నిరుత్సాహపరిచాడు. మనం ఆయన్ని దేవుణ్ణి చేయనక్కరలేదు. చేసిన పనిని పట్టుకుంటే చాలు.

చివరి రోజుల్లో ఆయన లండన్‌కు దూరంగా చిన్న వ్యవసాయక్షేత్రం కొనుక్కొని పశువులు పెంచాడు. కడుపులో క్యాన్సరుతో 1960 జూలై 6న చనిపోయాడు. తాను పెట్టిన సర్వీసుకు పన్నెండేళ్లు నిండిన మరునాడు. ఆయన చితాభస్మాన్ని ట్రెడీగర్ పైనున్న కొండల్లో చల్లారు. ఆయన నియోజకవర్గంలోని మూడు ఊళ్లకు గుర్తుగా మూడు రాళ్లు, మధ్యన ఆయన పేర పెద్ద రాయి ఒకటి అక్కడ నిలిపారు.

మేత మాన్పించి సంతకు తోలడం

ఆయన పోయాక ఏమైందన్నది మనకు మరీ ముఖ్యం. ఆ సర్వీసును ఒక్కసారిగా అమ్మడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. జనం ఊరుకోరు. అందుకని కొంచెం కొంచెంగా తిన్నారు. 1983లో థాచర్ ప్రభుత్వం ఆస్పత్రుల్లో ఊడ్చే పని, వంట పని, బట్టలుతికే పని కాంట్రాక్టు టెండర్లకు పెట్టమని ఆదేశించింది. ఆస్పత్రి మనిషి పోయి కాంట్రాక్టరు మనిషి వచ్చాడు. 1990 చట్టంతో ఆస్పత్రుల మధ్యనే బేరసారాల పద్ధతి పెట్టారు. 1992 నుండి ప్రైవేటు పెట్టుబడితో ఆస్పత్రులు కట్టించి, ఏళ్ల తరబడి వాయిదాలు చెల్లించే పథకం తెచ్చారు. లేబర్ ప్రభుత్వం కూడా దాన్నే పెంచింది. 2019లో అక్కడి పరిశోధనా సంస్థ ఒకటి లెక్క తేల్చింది. ప్రైవేటువాళ్లు పెట్టింది 1,300 కోట్ల పౌన్లు, వాళ్లకు ఆస్పత్రులు కట్టవలసింది అంతా కలిపి దాదాపు 8,000 కోట్ల పౌన్లు. మన ఊళ్లో వడ్డీవ్యాపారి కూడా సిగ్గుపడే లెక్క ఇది. 2018లో ప్రభుత్వమే ఇక కొత్త ఒప్పందాలు చేయబోమని చెప్పవలసివచ్చింది. పాత వాయిదాలు మాత్రం కట్టక తప్పదు.

ఇంకోపక్క 2010 తరువాత పొదుపు పేరుతో పెరుగుతున్న అవసరానికి తగ్గ డబ్బు ఇవ్వలేదు. నర్సుల, డాక్టర్ల జీతాలు ధరలతో పాటు పెరగలేదు. 2023 సెప్టెంబరు నాటికి ఒక్క ఇంగ్లండులోనే వైద్యం కోసం ఎదురుచూసే జాబితా 77 లక్షలు దాటింది. 2024 సర్వేలో ఆరోగ్య సర్వీసు పట్ల తృప్తిగా ఉన్నామన్నవాళ్లు నూటికి 21 మంది. 1983 నుండి లెక్క తీస్తున్నారు, ఇంత తక్కువ అంతకు ముందెన్నడూ లేదు.

2022 డిసెంబరు 15న అక్కడి నర్సుల సంఘం సమ్మెకు దిగింది. వందేళ్లకు పైబడిన తన చరిత్రలో ఆ సంఘం అంత పెద్ద సమ్మె చేయడం అదే మొదలు. అంబులెన్సు కార్మికులు, చిన్న డాక్టర్లు వాళ్ల వెనుక వచ్చారు. రోగుల్ని వదిలేసి రోడ్డెక్కుతారా అని పాలకులు నిందవేశారు. 2023లో సమ్మె రోజున కూడా కొంతమంది పనిలోకి రావలసిందేనని చట్టం తెచ్చారు. కాని నర్సులు అడిగింది జీతం ఒక్కటే కాదు. ఇద్దరు చేయవలసిన పని ఒక్కరితో చేయిస్తుంటే రోగి బతకడన్నారు. ఆస్పత్రిని పాడుచేసింది సమ్మె కాదు. ఆస్పత్రి పాడవుతున్నది గనుకనే సమ్మె వచ్చింది.

ఆశ్చర్యమేమిటంటే, అంత అసంతృప్తి ఉన్నా, డబ్బు తీసుకోని వైద్యం అనే సూత్రాన్ని వదులుకుంటామని అక్కడి జనంలో చాలామంది అనడం లేదు. సేవ బాగాలేదన్న కోపం వేరు, సేవ వద్దనుకోవడం వేరు అని వాళ్లకు తెలుసు. బెవాన్ పుట్టిన వేల్స్‌లో ఐతే 2007లో మందుల చీటీ మీద చార్జీనే పూర్తిగా ఎత్తేశారు. కళ్లజోడు దగ్గర మొదలైన వాదంలో ఆయన సొంత గడ్డ ఆయన పక్షమే నిలిచింది.

మన సంగతి

ఈ కథంతా మన కూలీలకు ఎందుకు చెప్పాం? గొడ్డుకు మేత మాన్పించి, పాలివ్వడం లేదని తిట్టి, సంతకు తోలడం అన్నది పాలకవర్గాలకు అన్ని దేశాల్లోనూ తెలిసిన విద్య. ముందు ఖాళీలు నింపరు. తరువాత మందులు పంపరు. జనం విసిగిపోతారు. ఆ విసుగును చూపించి, ప్రైవేటువాడికి ఇస్తే బాగుంటుందని జనం చేతనే అనిపిస్తారు.

2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. దానివల్ల పెద్ద జబ్బుల్లో బతికి బయటపడ్డ కుటుంబాలు ఉన్నాయి, కాదనలేం. కాని ఆ డబ్బులో చాలాభాగం కార్పొరేటు ఆస్పత్రుల గల్లాపెట్టెలోకి పోయింది. జ్వరం, రక్తపోటు, కాన్పు చూడవలసిన మన మండలం ఆస్పత్రి ఎండుతూనే ఉంది. కార్డు ఇచ్చారు గాని ఆస్పత్రి ఇవ్వలేదు. 2025 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం పది కొత్త ప్రభుత్వ వైద్య కళాశాలలను ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని నిర్ణయించింది. బ్రిటన్ వాయిదాల లెక్క చూసినవాళ్లు ఈ భాగస్వామ్యం ఎవరికి భాగమో, ఎవరికి భారమో అడగకుండా ఉండలేరు.

2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. పండగకు ఊరెళ్లలేని జనానికి వాళ్లమీద కోపం తెప్పించాలని చూశారు. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుండి అంగన్‌వాడీలు 42 రోజులు సమ్మె చేస్తే వాళ్లమీద ఎస్మా ప్రయోగించారు. రెండుసార్లూ బస్సెక్కేది మనం, ఆ కేంద్రంలో గుడ్డు తినేది మన పిల్లలు. వాళ్ల సమ్మె మన సమ్మె కాదని అనుకుంటే నష్టపోయేది మనమే.

బెవాన్ జీవితం నుండి మేము తీసుకున్నది ఇది. ఆ ఆస్పత్రి ఏ దయగల దొరా ఇచ్చిన దానం కాదు. గనిలో దిగినవాళ్లు వందకు రూపాయి పావలా వేసి ముందు తమ ఊళ్లో కట్టుకున్నారు, సమ్మెల్లో దెబ్బలు తిన్నారు, ఓటుతో దేశమంతా కట్టించుకున్నారు. మనం కూడా పన్ను కడుతున్నాం. అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా కడుతున్నాం. కాబట్టి ఆస్పత్రికి పోయినప్పుడు బిచ్చగాళ్లలా కాదు, చందాదారుల్లా పోవాలి. ఎన్ని పోస్టులు మంజూరయ్యాయి, ఎన్ని ఖాళీగా ఉన్నాయి, ఈ నెల ఏ మందులు వచ్చాయి అని గ్రామసభలో అడగాలి, సమాచార హక్కు చట్టం కింద రాసి అడగాలి. జవాబు రాకపోతే తాళం వేయవలసింది మన ఆస్పత్రికి కాదు, జవాబు చెప్పని ఆఫీసు ముందు బైఠాయించాలి. ఆశా కార్యకర్త, నర్సమ్మ, పారిశుధ్య కార్మికురాలు రోడ్డెక్కిననాడు వాళ్ల పక్కన కూలీల ఎర్రజెండా కూడా కనపడాలి.

డాక్టరు లేడని కోపం రావడం మంచిదే. ఆ కోపం డాక్టరును వేయించేదాకా చల్లారకూడదు.